వాటం తప్పని మోరి

మునిసిపాలిటీ ఉద్యోగంలో ఎన్ని మోరీలు కట్టించానో నాకిప్పుడు గుర్తు లేదు. గుర్తు పెట్టుకోదగ్గవి కూడా కావు. కొన్నింట్లో నీళ్లు పోవలసిన వైపు పోకుండా వచ్చిన వైపే తిరిగి చూసేవి. కొన్ని కట్టిన మరుసటి ఏడే రోడ్డు కింద కలిసిపోయాయి. ఒక్కటి మాత్రం, సిద్దిపేటలో మగ్గాల గల్లీలో ఇద్దరన్నదమ్ముల ఉమ్మడి వాకిట్లో తీయించింది, ఇవాళ వెళ్లి కొలిచినా నీళ్లు పారే వాటంలో వెంట్రుకవాసి తేడా రాదు. నా సర్వీసు మొత్తంలో వంక పెట్టడానికి వీల్లేని పని అదొక్కటే. దాని పుణ్యమా అని ఒక మగ్గం ఆగిపోబోయింది. దాని మీద కూర్చునే మనిషి ముసలితనంలో ఊరు విడిచి మహారాష్ట్రలోని భీవండికి వెళ్లవలసినంత పని అయింది. మోరిలో మాత్రం ఏ లోపమూ లేదని ఇప్పటికీ చెబుతాను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. వాటం చూసే సాధనం వాళ్ల ఫోన్లోనే ఉంటుంది. మా కాలంలో ఎలా చేసేవాళ్లమని అడుగుతారు. రెండు కొసలా ఇద్దరు మనుషులు నీళ్లు నింపిన రబ్బరు గొట్టం పట్టుకుని నిలబడేవాళ్లమని చెబితే జాలిగా చూస్తారు. ఆ గొట్టం వాటం సరిగ్గానే చూపించేది నాయనా, చూపించనివి వేరే ఉన్నాయి అంటాను. అర్థం కానట్టు టీ తాగి వెళ్లిపోతారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

ఎనభైల చివర్లో నేను వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. మా ఏఈ సారు హైదరాబాదు మనిషి. నిలవ నీళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. ఊళ్లో ఎక్కడ నీళ్లు నిలిచినా తనను వెక్కిరించడానికే నిలిచినట్టు మాట్లాడేవారు. మా ఆఫీసు గేటు ముందు మాత్రం వానాకాలమంతా ఒక గుంట నిండి ఉండేది. అందులో వేసిన ఇటుకల మీద ఒక్కో కాలే పెట్టుకుంటూ, ప్యాంటు పైకెత్తి పట్టుకుని లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని, జనానికి శుభ్రత తెలియదని బాధపడేవారు. మేమందరం ఆయనతో పాటు బాధపడేవాళ్లం.

అటువంటి ఒక వానాకాలంలోనే మగ్గాల గల్లీ నుంచి దరఖాస్తు వచ్చింది. పెట్టినవాడు ఇద్దరన్నదమ్ముల్లో చిన్నవాడు. వయసంతా భీవండిలో పవర్‌లూమ్‌ల మీద పనిచేసి, తిరిగి వచ్చి, ఉమ్మడి వాకిట్లో తన వాటా జాగాలో స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. ఎదురుగా అన్నది పాత పెంకుటిల్లు. మధ్యలో వాకిలి. అన్న పెంకుటింట్లోనే గుంత మగ్గం మీద చీరలు నేస్తాడు.

గుంత మగ్గమంటే తెలియని వాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. నేలలో గుంత తవ్వి, నేసే మనిషి అందులోకి కాళ్లు దించి కూర్చుంటాడు. ఆ గుంతలో కాస్త నెమ్ము, తడి ఉంటే మీద పరిచిన నూలు మెత్తగా ఉంటుంది. గుంత ఎండితే పోగు పుటుక్కున తెగుతుంది. తెగిన ప్రతి పోగునూ అతకాలి. అతుకులు ఎక్కువైన చీర ఎవరూ తీసుకోరు. ఈ సంగతి ఆ గల్లీలో అందరికీ తెలుసు. మునిసిపాలిటీకి తెలియవలసిన అవసరం అప్పటిదాకా రాలేదు.

నేను వెళ్లేసరికి వాకిలి నిండా నీళ్లు. తమ్ముడి కొత్త గోడకు నడుమెత్తు దాకా చెమ్మ పాకి, నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది.

"సూడున్రి సారూ," అన్నాడు తమ్ముడు. "వయసంత భీవండిల వోసి కట్టుకున్న ఇల్లు. మొదటి వానకే గిట్లయింది."

"మునుపు ఈ వాకిట్ల నీళ్లు ఎటు పోయేటియి?" అని అడిగాను.

"గిటే," అని తన ఇంటి వైపు చూపించాడు.

"గీడ నీ పునాది ఉన్నది గద?"

"అవ్. ఇల్లు కడితి గద, తొవ్వ మూసుకపోయింది."

"మరి నీళ్లు ఎటు పోవాలె?"

"గదే గద సారూ! గందుకే మీకు దరఖాస్తు పెట్టిన."

నీళ్లు పోయే దారి మీద ఇల్లు కట్టి, నీళ్లు పోవడం లేదని ఫిర్యాదు చేయడం మాకు కొత్త కాదు. ఊళ్లో సగం దరఖాస్తులు అలాంటివే. పైగా అతని స్లాబు మీది వాన నీళ్లన్నీ ఒక గొట్టంలోంచి అదే వాకిట్లోకి దుముకుతున్నాయి. చూపించాను. అతను గొట్టం వైపు, నా వైపు చూసి, గొట్టం పెట్టిన మేస్త్రీని తిట్టాడు.

నాకు ఆశ్చర్యం కలిగించింది అన్న. ఇంటి ముందు చెరువులా ఉంటే ఆయన మగ్గం మీంచి తల కూడా ఎత్తలేదు.

"నీళ్లు నన్నేమంటున్నయి సారూ? గాడ వడి ఉంటయి. ఉండనియ్యున్రి."

దరఖాస్తు పెట్టినవాడి కంటే పెట్టనివాడి మీదే మాకు అనుమానం ఎక్కువ. జాగా మీద ఏదో కన్ను వేసి ఉంటాడనుకున్నాను. ఇంతలో ఆయన భార్య నవ్వుతూ బయటికి వచ్చింది.

"ఆ ఇల్లు లేసి మా కడుగు నీళ్లు ఈన్నే నిలవడ్డకాంచి మా ఆయిన పోగు తెగుతలేదు సారూ. ఎండకాలం గల్లీల అందరియి తెగినయి, మాది తెగలె. చెయ్యంటె గిదీ చెయ్యి అంటున్నరు."

"చెయ్యే మంచిది. నీళ్లేం జేస్తయి?" అన్నాడాయన లోపలి నుంచి, కాస్త కోపంగా.

ఆయనకు నిజం తెలియకపోలేదు. అందరూ చెయ్యి మంచిదంటుంటే కాదు, కింద నెమ్మెక్కువ అని ఎవరు చెప్పుకుంటారు? మోరికి అన్నకు అభ్యంతరం లేదని రాసుకుని వచ్చేశాను. ఆయన అభ్యంతరమన్న మాట అనలేదు కదా.

తర్వాత జరిగిన పని గురించి ఎంతైనా చెప్పగలను కానీ మీరు వినరు. రబ్బరు గొట్టంతో వాటం తీశాను. వాకిలి నడిమధ్య నుంచి సందు వెంట గల్లీ మోరిదాకా రాతిబండలు పరిపించాను. స్లాబు గొట్టాన్నీ, అన్న ఇంట్లో స్నానాలు చేసే జాలారి నీళ్లనీ, గిన్నెలు కడిగిన నీళ్లనీ అందులోకే మళ్లించాను. చివర్న ఒక బిందెడు నీళ్లు పోయించి, పైన ఒక వేపాకు వేశాను. ఆ ఆకు ఎక్కడా తడబడకుండా, ఎవరో పిలిచినట్టు నేరుగా గల్లీలోకి వెళ్లిపోయింది. ఇంటికి వెళ్లి మా ఆవిడకు కూడా చెప్పాను. ఆమె ఆ సంతోషంలో పాలుపంచుకోలేదు.

చలికాలానికల్లా వాకిలి గచ్చులా గట్టిపడింది. తమ్ముడి గోడ ఆరింది. మా ఏఈ సారు వచ్చి చూసి, పొడి నేల మీద బూటుతో రెండుసార్లు తన్ని, దానికి ఆదర్శ వాకిలి అని పేరు పెట్టారు. ఎవరైనా దరఖాస్తు పట్టుకుని వస్తే వాళ్ల సమస్య పరిష్కరించే బదులు తీసుకెళ్లి ఆ వాకిలి చూపించేవారు.

శివరాత్రి దాటి ఎండలు ముదిరాక తమ్ముడు మళ్లీ ఆఫీసుకు వచ్చాడు. మోరి మూతిలో అన్న గోనెసంచి కుక్కి నీళ్లు ఆపుతున్నాడన్నాడు. నా మోరికి అడ్డమా అని నాకు చురుక్కుమంది. వెంటనే సైకిలెక్కాను.

వెళ్లేసరికి నిజంగానే గోనె కుక్కి ఉంది. వెనక కాసిని గిన్నెలు కడిగిన నీళ్లు నిలిచి ఉన్నాయి. అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవలు పెట్టిన్రు ఇది?"

"నేనే."

"మోరి సర్కారుది పెద్దాయనా."

"గోనె నాది. గోనె మీద సర్కారుకేం పని?"

తమ్ముడు వచ్చి గోనె గుంజి అవతల పారేశాడు. అన్న లేచి వెళ్లి దాన్ని తెచ్చి మళ్లీ కుక్కాడు. నోటికొచ్చిన మాటలన్నీ అనుకున్నారు. ఇది దినామూ ఉన్నదే అన్నట్టు ఆయన భార్య చాటలో బియ్యం చెరుగుతూ నన్ను లోపలికి రమ్మని సైగ చేసింది.

"సూడు బిడ్డా," అని గుంత చూపించింది. గుంత అడుగున మన్ను పొడిపొడిగా రాలుతోంది. మగ్గం మీద పరిచిన నూలులో అతుకులు నాకే కనబడుతున్నాయి. "పొద్దుగాల్నుంచి తెగుడు, అతుకుడు. చేనేత సంఘపోళ్లు మొన్న చీర వాపస్ ఇచ్చిన్రు. ఇంకోటి గిట్లనే వస్తె ఇగ నూలు ఇయ్యం అన్నరు. నూలు లేకుంటె ఈ వయసుల భీవండి వోయి మిషిన్ల కాడ నిలవడాలె గద. చెయ్యి వోయిందని గల్లీల అప్పుడే అనవట్టిన్రు."

"గుంతల నీళ్లు వోసుకోరాదా అవ్వా?"

"యాడికెల్లి తేవాలె? మీ నల్లా దినాం వస్తదా?"

నల్లా దినామూ రాదు. వచ్చిన రోజు తాగడానికే చాలదు. ఎండాకాలంలో ఆ ఊళ్లో నీళ్లంటే ఏమిటో అప్పుడున్న వాళ్లకు చెప్పనక్కర్లేదు. బోరింగు గల్లీ చివర ఉంది, ఆమెకు మోకాళ్ల నొప్పులు, ఆయన మగ్గం దిగితే పని ఆగుతుంది. వాకిట్లో పారే వాడిన నీళ్లతోనే ఇన్నాళ్లూ గుంతకు ఊట అందింది. వాటిని నేను వేపాకుతో సహా గల్లీలోకి సాగనంపాను.

బయటికి వస్తుంటే అన్న నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు. "చీర వాపస్ సంగతి మా తమ్మునికి చెప్పకున్రి సారూ. అన్న చెయ్యి పడిపోయిందనుకుంటడు."

నాకు తమ్ముడి మీద కోపం వచ్చింది. సందులోకి పిలిచి గట్టిగానే అన్నాను. "నీ గోడ రంగు కోసం అన్నతోని లొల్లి పెట్టుకుంటవా? రంగు పోతె మళ్లేసుకోరాదు?"

అతను మాట్లాడబోయి దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడి, ఊపిరి అందాక, ముందు అన్న ఇంటి వైపు చూశాడు.

"రంగు కోసమనుకుంటున్నరా సారూ? భీవండిల దూది దుమ్ము మింగి మింగి రొమ్ము కరాబైంది. నెమ్ముల ఉంటె బతుకవని దవాఖానల చెప్పిన్రు. రాత్రిళ్లు గోడ చెమ్మగుంటె కూసోనే తెల్లారిస్త." తర్వాత నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అన్నకు చెప్పకున్రి. వోవద్దంటె వోయిన నేను. గిప్పుడు గిట్లొచ్చిన అని తెలిస్తె మనసు పెట్టుకుంటడు."

నాకు నిజంగా చాలా బాధ కలిగింది. ఒకడికి తడి లేకపోతే బతుకు పోతుంది, ఇంకొకడికి తడి ఉంటే ప్రాణం పోతుంది. ఇద్దరి మధ్యా ఉన్నది ఒకటే వాకిలి. తగాదా అంటే ఎవరో ఒకరిది తప్పయి ఉంటుందన్న నమ్మకంతోనే మా ఆఫీసు నడిచేది. ఇక్కడ తప్పు చేసినవాడు ఎవడూ దొరకలేదు. ఏఈ సారు దగ్గరికి వెళ్లి, పేచీ ఇంకా తెగలేదని మాత్రం చెప్పాను.

"వాటం సరిగ్గా ఉందా?" అని అడిగారు.

"ఉంది సార్."

"అయితే సమస్య లేదు," అన్నారు.

సమస్య లేదని తేలాక సహజంగానే పెద్దవాళ్లకు చూపించాలనిపిస్తుంది. కొద్దిరోజులకు సంగారెడ్డి నుంచి జిల్లా స్థాయి పెద్ద సారొకరు వస్తుంటే, మా సారు ఆయనకు ఆదర్శ వాకిలి చూపించే ఏర్పాటు చేశారు. గోనె కనబడకూడదని నాకు మరీ మరీ చెప్పారు. ముందు రోజు వెళ్లి అన్నను బతిమాలాను.

పొద్దున్నే జీపు గల్లీ మొదట్లో ఆగింది. మేము దిగేసరికే లోపల కేకలు వినబడుతున్నాయి. మా సారు ముఖం మాడిపోయింది. నేను ముందు పరుగెత్తాను. మోరి మూతి దగ్గర అన్నదమ్ములిద్దరూ మోకాళ్ల మీద కూర్చుని ఒకే గోనెను చెరో వైపు పట్టుకుని గుంజుకుంటున్నారు. పాత తగాదాయే అనుకున్నాను. ఒక నిమిషం చూశాక నాకు అనుమానం వచ్చింది. గోనె లోపలికి కుక్కుతున్నది తమ్ముడు. బయటికి లాగుతున్నది అన్న.

"ఇడువన్నా! చెప్తున్న నీకు!"

"నువ్వెవనివిరా మూసెటందుకు? మోరి కావాలని దరఖాస్తు పెట్టింది నువ్వు గాదు?"

"నేనే పెట్టిన, నేనే మూస్తున్న! మగ్గాల కాడ బతికినోన్ని, సప్పుడు తెలువదా నాకు? నాలుగు దెబ్బలకోసారి ఆగుతున్నది నీ మగ్గం."

"నూలు మంచిగ లేదు, గందుకు ఆగుతున్నది! నీ దగ్గు నాకు ఇనవస్తలేదనుకున్నవా? మొన్నటిసంది ఇంటున్న. నెమ్ముల పండి సస్తవా?"

"దగ్గు గాదు, దుమ్ము."

"దుమ్మంట దుమ్ము! ఇడువ్ గోనె!"

అంత తిట్టుకుంటున్న మనుషుల్లో అంత ప్రేమ నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. అప్పటికి పెద్ద సారు నా వెనక వచ్చి నిలబడ్డారు.

"ఈ ఇద్దరిలో మోరి వద్దంటున్నది ఎవరు?" అని అడిగారు.

మా సారు అలవాటుగా అన్న వైపు వేలు చూపించారు.

"ఆయన తెరుస్తున్నాడు కదయ్యా?"

మా సారు నా వైపు చూశారు. "ఇద్దరూ వద్దంటున్నారు సార్," అన్నాను.

"మరి కావాలన్నది?"

"వీళ్లిద్దరే సార్."

పెద్ద సారు మోరి వైపు వంగి చూశారు. అంత పెద్ద ఉద్యోగంలో ఉన్న మనిషి ఏదో ఒకటి అడగకుండా వెళ్లకూడదు. "వాటం ఎంత ఇచ్చారు?" అని అడిగారు. చెప్పాను. "బాగుంది," అన్నారు. జీపు వెళ్లిపోయింది.

గోనె మాత్రం ఇద్దరి చేతుల్లోనూ అలాగే ఉంది. అన్న భార్య ఇంట్లోంచి రెండు ఖాళీ బిందెలు తెచ్చి వాళ్ల మధ్యలో ఠపీమని పెట్టింది.

"మూసుడొద్దు, తీసుడొద్దు. బోరింగు కాడికెల్లి ఎవడన్న రెండు బిందెలు తెచ్చి గుంతల వోస్తె ఒడిసిపాయె. నా మోకాళ్లు మంచిగుంటె మిమ్ముల అడిగేదాన్నా?"

తమ్ముడు గోనె వదిలేసి బిందె అందుకున్నాడు. "నేను తెస్త వదినె."

"దగ్గుకుంట బిందెలు మోస్తడంట," అని అన్న సణిగాడు.

"మెల్లగ తెస్త. నీకేం తొందరున్నదా?"

అంతే, తీర్పు అయిపోయింది. మోరి తెరిచే ఉంది. వాకిలి పొడిగానే ఉంది. తమ్ముడు రోజూ పొద్దున్నే బోరింగు నుంచి నీళ్లు తెచ్చి, గుంత అడుగున తాను పరిచిన ఇసుకను తడిపేవాడు. నేను ఆ దారిన పోయినప్పుడల్లా కాళ్ల మీద పోస్తున్నవని అన్న తిట్టడం, కాళ్లు తీసుకోరాదా అని తమ్ముడు అనడం వినబడేది. పోగులు తెగడం తగ్గింది. సంఘం వాళ్లు నూలు ఇస్తూనే ఉన్నారు. భీవండి మాట మళ్లీ రాలేదు. శాస్త్రీయమైన మోరి వల్ల అన్నదమ్ముల తగాదా తీరిందని మా సారు పైకి రాశారు. ఆయన రాసిన వాటిలో నిజానికి దగ్గరగా వచ్చింది బహుశా అదే.

తర్వాత నాకు సంగారెడ్డికి బదిలీ అయింది. అక్కడా మోరీలే. కొన్నేళ్లకు, తొంభైల మధ్యలో, తిరిగి సిద్దిపేట వచ్చాను. తమ్ముడు పోయాడని ఆఫీసులో చెప్పారు. రొమ్ము జబ్బే. నెమ్ము లేని ఇంట్లో అనుకున్న దానికంటే ఎక్కువ కాలమే బతికాడట.

పలకరిద్దామని వెళ్లాను. ఎండాకాలం. కొత్త ఇంటికి తాళం వేసి ఉంది. తమ్ముడి భార్య పుట్టింటికి వెళ్లిపోయిందట. గోడలు పొడిగా ఉన్నాయి. లోపల మగ్గం చప్పుడు ఆగి ఆగి వినబడుతోంది. నేను కూర్చున్న కాసేపట్లోనే అన్న రెండుసార్లు గుంతలోంచి లేచి, ఒక చిన్న బకెట్టు పట్టుకుని గల్లీ చివరిదాకా నడిచి వెళ్లి నీళ్లు తెచ్చుకున్నాడు. మనిషి బాగా వంగిపోయాడు. నీళ్లు సగం దారిలోనే ఒలుకుతున్నాయి.

మోరి మూతి దగ్గర ఒక్క ఆకు కూడా లేదు. రోజూ ఊడుస్తున్నట్టుంది. చూసి నాకే అయ్యో అనిపించింది. నా మోరికి ఎవరు అడ్డం వచ్చినా సైకిలెక్కి పరుగెత్తిన మనిషిని, నోరు తెరిచి నేనే అడిగాను.

"పెద్దాయనా, ఇప్పుడు మోరి మూసుకోరాదు? ఆ ఇంట్ల ఎవలున్నరు? నీకు గీ మోసుడు తప్పుతది గద."

ఆయన బకెట్టు కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"మూసిన సారూ, ఒకనాడు," అన్నాడు. "గోనె తెచ్చి మంచిగ బిగించి కుక్కిన. కుక్కి గీ అరుగు మీదనే కూసున్న. పొద్దుగూకెదాక సూసిన. గుంజి పారేసెటందుకు ఎవ్వడు రాలె. నేనే తీసేసిన."